హౌరా బ్రిడ్జికి నదిలో ఒక్క స్తంభమైనా ఎందుకు లేదు?

మీరు మూడు సంగతులు అడిగారు. హౌరా బ్రిడ్జికి నది మధ్యలో స్తంభం ఎందుకు లేదు, నట్టూ బోల్టూ లేకుండా కట్టారన్నది నిజమేనా, ఆ స్టీలంతా ఇంగ్లండు నుంచి వచ్చిందా అని. వచ్చే నెల కోల్‌కతా వెళ్తున్నామని, మీ అబ్బాయి సివిల్ ఇంజినీరింగ్ చదువుతున్నాడని, వంతెనను ఎక్కడినుంచి చూస్తే బాగా అర్థమవుతుందో చెప్పమని కూడా రాశారు. అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనికి వెళ్లారు. నేను అక్కడే పుట్టాను. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లు ఎంతమంది ఉంటారో మీరు వినే ఉంటారు. మా వీధిలో బెంగాలీ కంటే తెలుగే ఎక్కువ వినపడేది. నాన్నది రివెట్లు, అంటే ఉక్కు రేకుల్ని కలిపి బిగించే గుండ్రటి తలల మేకులు, కొట్టే పని. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు హౌరా తీసుకెళ్లి, ట్రామ్ ఎక్కించకుండా నడిపించి వంతెన దాటించారు. నేను పడవలు చూస్తున్నాను, ఆయన రివెట్ తలలు చూస్తున్నారు. ఒక్కోచోట ఆగి అరచేత్తో తడిమేవారు కూడా. తర్వాత నేను రైల్వేలో బ్రిడ్జిల విభాగంలో చేరి ముప్ఫై ఏళ్లకు పైగా గర్డర్ (ఉక్కు దూలాల) వంతెనలు తనిఖీ చేశాను. హౌరా బ్రిడ్జి పోర్టు వాళ్లది, రైల్వేది కాదు. కాబట్టి దానిమీద నేను ఉద్యోగం చేయలేదు. కానీ చదివినదీ, వెళ్లిన ప్రతిసారీ కళ్లారా చూసిందీ కలిపి చెప్పగలను.

మీ మొదటి ప్రశ్నకు జవాబు కావాలంటే వంతెన సంగతి కాసేపు పక్కనపెట్టి నదిని చూడాలి. కోల్‌కతా సముద్రానికి వంద కిలోమీటర్లకు పైగా లోపల ఉన్న రేవు. హౌరాకూ కోల్‌కతాకూ మధ్య పారే హుగ్లీ నదిలో రోజూ పోటు ఎక్కుతుంది, పాటు దిగుతుంది. కొన్ని రోజుల్లో పోటు నీరు గోడలా ఎదురెక్కి వస్తుంది. దాన్ని అక్కడ 'బాన్' అంటారు. పైనుంచి గంగ ఒండ్రు తెస్తుంది, కిందనుంచి పోటు దాన్ని తిరిగి పైకి తోస్తుంది. అందుకని నది అడుగు ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. ఓడల్ని లోపలికి తీసుకురావడానికి అక్కడ తరతరాలుగా ప్రత్యేకంగా పైలట్లు ఉన్నారంటే ఆ ఇసుక మేటల వల్లే. అలాంటి నదిలో స్తంభం నాటితే ఏమవుతుందో గోదావరి ఒడ్డున పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. స్తంభం చుట్టూ నీరు సుడి తిరిగి గుంత తవ్వుతుంది, దాని వెనక నీటి వేగం తగ్గి మేట పడుతుంది. రేవు మీద బతికే ఊరికి ఆ మేట ప్రాణాంతకం.

దీనికి పోలికగా మన రాజమండ్రి హేవ్‌లాక్ వంతెన తీసుకోండి. 1900లో తెరిచారు. 56 స్పాన్లు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు, ఒక్కోటి సుమారు 150 అడుగులు. గోదావరి వెడల్పంతా స్తంభాలు వరసగా నిలబెట్టారు. అక్కడ సముద్రపు ఓడలు రావాల్సిన అవసరం లేదు కాబట్టి అది సరిపోయింది, దాదాపు వందేళ్లు, 1997 దాకా, రైళ్లను మోసింది. హౌరాలో టవర్‌కీ టవర్‌కీ మధ్య దూరం 1500 అడుగులు. అంటే హేవ్‌లాక్ స్పాన్‌కు పదింతలు. ఈ పదింతల కోసం ఎనభై ఏళ్లు పట్టింది. ఆ కథే హౌరా బ్రిడ్జి చరిత్ర.

1854లో హౌరా నుంచి హుగ్లీ ఊరికి మొదటి రైలు నడిచింది. రైలు నదికి ఆ ఒడ్డున, నగరం ఈ ఒడ్డున. దిగిన ప్రతి మనిషీ, ప్రతి మూటా పడవ ఎక్కాల్సిందే. 1862లో ఈస్ట్ ఇండియన్ రైల్వే చీఫ్ ఇంజినీరు జార్జ్ టర్న్‌బుల్‌ను వంతెన కట్టొచ్చేమో చూడమని బెంగాల్ ప్రభుత్వం అడిగింది. కలకత్తా దగ్గర బురద చాలా లోతుగా ఉందని, ఓడలకు అడ్డమవుతుందని ఆయన రాశారు. ఉత్తరాన పన్నెండు మైళ్ల అవతల పల్టా ఘాట్ దగ్గరైతే గట్టి బంకమట్టి తక్కువ లోతులోనే దొరుకుతుందని, అక్కడ కట్టమని సలహా ఇచ్చారు. అది జరగలేదు, ఎందుకంటే జనానికి వంతెన కావలసింది స్టేషన్ ముందు. కానీ ఆయన చెప్పిన రెండు భయాలు, బురదా ఓడలూ, తర్వాత వచ్చిన ప్రతి కమిటీ ముందూ మళ్లీ మళ్లీ లేచి నిలబడ్డాయి.

అప్పటికి దొరికిన ఉపాయం పడవల వంతెన. 1871లో చట్టం చేసి సర్ బ్రాడ్‌ఫోర్డ్ లెస్లీకి పని అప్పజెప్పారు. భాగాలు ఇంగ్లండులో తయారై ఓడల్లో వచ్చాయి, ఇక్కడ కూర్చారు. 1874 మార్చిలో, ఇంకా పూర్తికాకముందే, తుపానులో ఒక స్టీమరు లంగరు తెంచుకుని వచ్చి గుద్దింది. వంతెనను మోసే మూడు పాంటూన్లు (తేలే పడవలు) మునిగాయి, దాదాపు 200 అడుగుల మేర దెబ్బతింది. అయినా బాగుచేసి అదే ఏడాది అక్టోబరులో తెరిచారు. పొడవు 1528 అడుగులు, వెడల్పు 62 అడుగులు. మధ్యలో 200 అడుగుల ముక్కను పక్కకు తప్పిస్తే ఓడలు వెళ్లేవి. 1879లోనే దానిమీద కరెంటు దీపాలు వెలిగాయి.

నీటిమీద తేలే వంతెన కదా, పోటుతో లేచేది, పాటుతో దిగేది. నీరు దిగినప్పుడు రెండు చివరలా వాలు నిటారుగా అయ్యేది. బరువు బళ్లు లాగే ఎద్దులకు ఆ ఎక్కుడు ఎంత కష్టమో ఊహించండి. ఇక ఓడకోసం వంతెన తెరిచారంటే రెండు ఒడ్లా రాకపోకలు ఆగిపోయేవి. రైలు అందుకోవలసిన వాళ్ల టెన్షన్ చెప్పేదేముంది! 1906లో పోర్టు కమిషనర్లు వేసిన కమిటీ బళ్లను లెక్కపెట్టిస్తే, వాహనాల్లో 13 వంతులకు 8 వంతులు ఎద్దుబళ్లే తేలాయి. హౌరా అప్పటికే ఫౌండ్రీలు, జనపనార మిల్లులు, ఇంజినీరింగ్ కార్ఖానాలతో నిండిపోయింది. ‘తూర్పు షెఫీల్డ్’ అని పేరు. మన ఉత్తరాంధ్ర నుంచి కూడా ఆ మిల్లుల్లో పనికి వేలమంది వలస వెళ్లారు. అంత ఊరి సరుకంతా ఒక తేలే వంతెన మీద నడవాలి.

కమిటీ తర్వాత కమిటీ. మొదటి ప్రపంచ యుద్ధం అడ్డొచ్చింది. 1921లో సర్ రాజేంద్రనాథ్ ముఖర్జీ అధ్యక్షతన ఇంజినీర్ల కమిటీ వేశారు. విక్టోరియా మెమోరియల్ కట్టిన మార్టిన్ కంపెనీ ఆయనదే. వాళ్లు లండన్‌లోని సర్ బాసిల్ మాట్‌ను సలహా అడిగితే ఆయన ఒకే స్పాన్ ఉన్న ఆర్చి (కమాను) వంతెన సూచించారు. 1926లో కొత్త హౌరా బ్రిడ్జి చట్టం వచ్చింది. 1930లో మళ్లీ గూడ్ అనే ఆయన అధ్యక్షతన ఇంకో కమిటీ, ఈసారి స్తంభాల వంతెన కట్టొచ్చా అని పరిశీలించడానికి. చివరికి రెండెల్, పామర్ అండ్ ట్రిటన్ అనే లండన్ సంస్థ కాంటిలీవర్ (అదేమిటో కింద చెబుతాను) డిజైన్ తయారుచేసింది. దాని చీఫ్ డ్రాఫ్ట్స్‌మన్ వాల్టన్ గీసిన నమూనా అది.

ఇక్కడ మీ అబ్బాయి ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆర్చి ఎందుకు కాలేదు? 1932లో సిడ్నీ హార్బర్ బ్రిడ్జి 503 మీటర్ల ఆర్చిగా లేచింది కదా? నా లెక్కలో జవాబు నేలలో ఉంది. ఆర్చి తన బరువుతో రెండు ఒడ్లనూ బయటికి నెడుతుంది. సిడ్నీలో ఒడ్డున ఇసుకరాయి ఉంది, ఆ తోపును అది తట్టుకుంటుంది. కలకత్తా ఒడ్డున బురద, ఇసుక, వాటికింద బంకమట్టి. అలాంటి నేలను పక్కకు నెడితే జరుగుతుంది. కేబుళ్ల సస్పెన్షన్ వంతెన అయితే దీనికి ఎదురుగా ఒడ్లను లోపలికి లాగుతుంది, దానికీ గట్టి పట్టు కావాలి. కాంటిలీవర్ ఒక్కటే నేల మీద ప్రధానంగా నిలువు బరువు మోపుతుంది. టవర్ దగ్గర కిందికి నొక్కుతుంది, వెనక చివర పైకి లేవబోతుంది. ఆ లేవబోయే చివరను బరువుతో కట్టిపడేస్తే చాలు.

కాంటిలీవర్ అంటే ఏమిటో కావడితో చెప్పొచ్చు. కావడి మోసేవాడి భుజం టవర్. వెనక బద్ద ఒడ్డు వైపుకు 325 అడుగులు, దాని చివర నేలకు కట్టేసి ఉంటుంది. ముందు బద్ద నది మీదకు 468 అడుగులు. ఆ ఒడ్డున కూడా ఇలాంటి కావడే. రెండు కావళ్ల ముందు బద్దల మధ్య మిగిలిన ఖాళీ 564 అడుగులు. ఆ ఖాళీలో ఒక గర్డర్ వంతెనను తొట్టి ఊయలలా వేలాడదీశారు. 468, 564, 468 కూడితే సరిగ్గా 1500. టవర్ల ఎత్తు 280 అడుగులు. మనం నడిచే రోడ్డు ఈ పై నిర్మాణం మీద లేదు, దాని కింది కమ్మీల నుంచి 39 జతల హ్యాంగర్లతో కిందికి వేలాడుతోంది. రోడ్డు 71 అడుగుల వెడల్పు, రెండు పక్కలా 15 అడుగుల ఫుట్‌పాత్‌లు. కట్టినప్పుడు ప్రపంచంలో దీనికంటే పెద్ద కాంటిలీవర్లు రెండే ఉన్నాయి, కెనడాలో క్విబెక్, స్కాట్లండ్‌లో ఫోర్త్.

క్విబెక్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. అది 1907లో కడుతుండగానే తన బరువుకు తానే కూలి 75 మంది పనివాళ్లు చనిపోయారు. మళ్లీ కట్టి, 1916లో మధ్య స్పాన్‌ను పడవ మీద తెచ్చి పైకి లేపుతుంటే అది జారి నదిలో పడింది, ఇంకో 13 మంది పోయారు. కాంటిలీవర్ వంతెన పూర్తయ్యాక ఎంత నిబ్బరంగా ఉంటుందో, కట్టేటప్పుడు అంత ప్రమాదం. హౌరాలో మధ్య స్పాన్‌ను కిందనుంచి లేపలేదు. రెండు వైపులనుంచీ గాలిలోకే ముక్క తర్వాత ముక్క కడుతూ వచ్చి మధ్యలో కలిపారు.

అయితే ఈ వంతెనలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆకట్టుకునే భాగం మీకు కనపడదు. అది నేలలో ఉంది. మనవైపు వంతెనకు బావులు దించడం అంటామే, అదే పని, కానీ ఆ కొలతలు చూడండి. ఒక్కో ప్రధాన టవర్ కింద ఒక్కటే పునాది దిమ్మ. 55.3 మీటర్ల పొడవు, 24.8 మీటర్ల వెడల్పు. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు 34 సెంట్ల స్థలమంత. దానిలో 21 గదులు, ఒక్కోటి 6.25 మీటర్ల చదరం. ఆ గదుల్లోంచి మట్టి తోడేస్తుంటే దిమ్మ తన బరువుకు తానే దిగుతుంది. రాత్రీ పగలూ తోడుతూ రోజుకు అడుగు, ఆపైన దించారు. మెత్తని ఒండ్రు దాటి పసుపు రంగు గట్టి బంకమట్టి తగిలేదాకా, నేల కింద 26 మీటర్లకు పైగా పోయారు. అంత చేసినా, ఉండాల్సిన చోటుకు రెండు మూడు అంగుళాల తేడాలోనే కూర్చోబెట్టారు. నేను చిన్న చిన్న బావులు దించేటప్పుడు వంగిపోయి, వాటిని నిటారుగా తేవడానికి వారాల తరబడి తంటాలు పడిన సైట్లు చూశాను. 34 సెంట్ల దిమ్మను ఆ బురదలో అంత కచ్చితంగా దించడం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మెత్తటి మట్టి వచ్చినచోట దిమ్మకు అటూ ఇటూ సమానంగా కొన్ని గదుల్ని తవ్వకుండా ఉంచి, వంగకుండా కాపాడుకున్నారు.

ఒక రాత్రి మట్టి తోడుతుండగా అడుగు నేల ఒక్కసారిగా జారింది. దిమ్మ మొత్తం రెండడుగులు దబ్బున దిగింది. ఆ అదురుకు కిదర్‌పూర్‌లోని భూకంప యంత్రం భూకంపమని నమోదు చేసిందట. ఒడ్డున ఉన్న ఒక గుడి కూలిపోయింది, తర్వాత దాన్ని మళ్లీ కట్టించారు. తోడిన మట్టిలో లంగర్లు, ఫిరంగులు, ఫిరంగి గుండ్లు, ఇత్తడి పాత్రలు, ఈస్ట్ ఇండియా కంపెనీ కాలం నాణేలు పైకొచ్చాయి. రెండు శతాబ్దాల రేవు జీవితం ఆ గదుల్లోంచి బయటపడిందన్నమాట.

హౌరా వైపు తెరిచిన బావిలా తోడితే సరిపోయింది. కలకత్తా వైపు ఇసుక నీళ్లలా ఊరుతూ గదిలోకి వచ్చేయడంతో గాలి ఒత్తిడి పెట్టి నీటిని ఆపాల్సి వచ్చింది. చదరపు అంగుళానికి 40 పౌన్ల దాకా ఒత్తిడి. దాదాపు 500 మంది ఆ పనిలో ఉన్నారు. మూసిన గదిలో, మనం పీల్చే గాలికి దాదాపు మూడింతలు ఎక్కువ ఒత్తిడిలో, అడుగున మట్టి తవ్వడం అది. పైకి వచ్చేటప్పుడు ఒత్తిడిని మెల్లగా తగ్గించకపోతే రక్తంలో గాలి బుడగలు లేచి కీళ్లు పట్టేస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు. ఆ 500 మంది పేర్లు ఏ ఫలకం మీదా నేను చూడలేదు. వంతెన అంటే డిజైన్ చేసిన సంస్థ పేరే అందరూ చెబుతారు, నేనూ పైన అదే చెప్పాను. మీ అబ్బాయికి మాత్రం ఈ మనుషుల గురించి కూడా చెప్పండి.

స్టీల్ సంగతికి వద్దాం. డిజైన్ లండన్‌ది. ప్రధాన కాంట్రాక్టు క్లీవ్‌లాండ్ బ్రిడ్జి అనే ఇంగ్లండు కంపెనీది. అందరికంటే తక్కువ ధర వేసింది ఒక జర్మన్ కంపెనీ, కానీ 1935 నాటికి ఐరోపా రాజకీయాలు వేడెక్కడంతో దానికి ఇవ్వలేదు. గర్డర్లు తయారుచేసింది మాత్రం బ్రెయిత్‌వెయిట్, బర్న్, జెస్సాప్ అనే మూడు కంపెనీలు కలిసిన బీబీజే, అదీ కలకత్తాలోని నాలుగు వర్క్‌షాపుల్లో. వాడిన మొత్తం ఉక్కు 26,500 టన్నులు. అందులో 23,000 టన్నులు జంషెడ్‌పూర్‌లో టాటావారు పోసిన ‘టిస్క్రోమ్’ అనే గట్టి మిశ్రమ ఉక్కు. కాబట్టి “ఇంగ్లీషువాళ్ల ఉక్కు” అన్నమాట తప్పు. జంషెడ్‌పూర్‌లో మొదటిసారి ఉక్కు పోసింది 1912లో. ముప్ఫై ఏళ్లు తిరగకుండానే ప్రపంచంలో మూడో పెద్ద కాంటిలీవర్‌కు సరిపోయే ప్రత్యేకమైన ఉక్కు ఇవ్వగలిగారు. ఇంత పెద్ద స్పాన్‌లో వంతెన మోసే బరువులో పెద్ద వాటా దాని సొంత బరువే. ఉక్కు ఎంత గట్టిదైతే అంత సన్నగా కట్టొచ్చు, సొంత బరువు అంత తగ్గుతుంది. టిస్క్రోమ్ అవసరం అక్కడే.

ఇక నట్లూ బోల్టులూ. అవును, ఇది రివెట్లతో కూర్చిన వంతెన. అదేదో మాయ అన్నట్టు ఈమధ్య వీడియోల్లో చెబుతున్నారు గానీ, ఆ కాలంలో పెద్ద స్టీల్ వంతెనలన్నీ అలాగే కట్టేవారు. మన హేవ్‌లాక్ గర్డర్లూ రివెట్లవే. ఇప్పుడు వాడే గట్టి బిగింపు బోల్టులు రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే వాడుకలోకి వచ్చాయి. రివెట్ కొట్టడం నలుగురి పని. ఒకడు కొలిమిలో రివెట్‌ను ఎర్రగా కాలుస్తాడు, పటకారుతో పట్టి అందిస్తాడు లేదా విసురుతాడు. రెండోవాడు దాన్ని అందుకుని రంధ్రంలో దూరుస్తాడు. మూడోవాడు తల వైపు డాలీ అనే బరువైన ఇనుప దిమ్మ అదిమిపట్టి ఉంటాడు. నాలుగోవాడు అటువైపు గాలి సుత్తితో కొట్టి రెండో తల తయారుచేస్తాడు. ఎర్రగా ఉన్న రివెట్ చల్లారుతూ కుంచించుకుపోతుంది, దాంతో రేకుల్ని బిగించి పట్టుకుంటుంది. అదీ దాని బలం. నది మీద 200 అడుగుల పైన, గాలిలో, మండే రివెట్‌ను విసిరి పట్టుకోవడం ఊహించండి. మా నాన్న నేల మీద షెడ్డులో చేసినా ఆయన ముంజేతుల మీద కాలిన మచ్చలు పోలేదు.

రివెట్ వదులైందో లేదో చూసే పద్ధతి ఆయనే నాకు నేర్పారు, తర్వాత శిక్షణలోనూ అదే చెప్పారు. ఒక వేలు రివెట్ తలకూ రేకుకూ మధ్య ఆనించి, రెండో పక్క చిన్న సుత్తితో కొట్టాలి. గట్టిగా ఉంటే చప్పుడు గణగణ వస్తుంది, వేలికి ఏమీ తెలియదు. వదులైతే చప్పుడు బోలుగా ఉంటుంది, వేలి కింద సన్నగా అదురుతుంది. ఇప్పటికి ఎన్ని యంత్రాలు వచ్చినా ఆ వేలి కబురును నేను నమ్ముతాను.

మధ్యాహ్నం పన్నెండింటికీ అర్ధరాత్రి పన్నెండింటికీ వంతెన కూలుతుందని, అందుకే ఆ నిమిషంలో మూసేస్తారని కొందరు చెబుతారు. నమ్మకండి. రెండు వేళల్లోనూ నేను దాటాను, వెయ్యిమంది నా వెంట దాటారు. వేడికి ఉక్కు సాగుతుందన్నది నిజమే. 457 మీటర్ల ఉక్కు ఒక డిగ్రీకి దాదాపు అయిదున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. చలికాలపు తెల్లవారుజాముకూ ఎండాకాలపు మధ్యాహ్నానికీ ఉక్కులో 30 డిగ్రీల తేడా అనుకుంటే 16 సెంటీమీటర్లు. దానికి చోటిచ్చే జాయింట్లు కట్టినప్పుడే పెట్టారు.

పని 1936లో మొదలైంది. 1940 చివర్లో కాంటిలీవర్ బద్దలు లేవడం మొదలై 1941 వేసవికి పూర్తయ్యాయి. పై కమ్మీ మీదే పాకుతూ ముందుకు పోయే క్రేన్లు తమ ముందున్న ముక్కను తామే బిగించుకుంటూ వెళ్లాయి. మధ్య స్పాన్ రెండు సగాలు, ఒక్కోటి 282 అడుగులు, 2000 టన్నులు, 1941 డిసెంబరులో ఎదురెదురుగా వచ్చాయి. వాటిని కలపడానికి ఒక్కోటి 800 టన్నులు మోయగల హైడ్రాలిక్ జాక్‌లు 16 వాడారు. సరిగ్గా అదే నెలలో జపాన్ పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసింది. మరుసటి ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడల మీద పడ్డాయి. 1942 డిసెంబరులో కలకత్తా మీద కూడా పడ్డాయి. ఆకాశంలోంచి చూస్తే హౌరా బ్రిడ్జి కంటే స్పష్టమైన గురి ఇంకేముంటుంది? అందుకే 1943 ఫిబ్రవరి 3న వేడుకా ఉపన్యాసాలూ లేకుండా, చప్పుడు చేయకుండా తెరిచారు. మొదట దాటింది ఒకే ఒక్క ట్రామ్. ఖర్చు రెండున్నర కోట్లు. అదే ఏడాది బెంగాల్‌ను కరువు మింగింది, తిండికోసం పల్లెలు వదిలి కలకత్తా చేరిన జనం వీధుల్లోనే ప్రాణాలు వదిలారు. 1943 అనగానే నాకు రెండూ కలిసే గుర్తొస్తాయి, విడిగా చెప్పలేను.

1946లో లెక్కపెడితే రోజుకు 27,400 వాహనాలు, 1,21,100 మంది నడిచేవాళ్లు, 2,997 పశువులు దాటాయి. 1965లో రవీంద్రనాథ్ టాగూర్ పేరిట రవీంద్ర సేతు అని పెట్టారు, జనం నోట మాత్రం హౌరా బ్రిడ్జే. 1992లో దిగువన విద్యాసాగర్ సేతు వచ్చింది, దాని ప్రధాన స్పాన్ కూడా 457 మీటర్లే. మరుసటి ఏడాది ఈ వంతెన మీద ట్రామ్‌లు ఆగిపోయాయి. 2024 నుంచి నది కిందుగా మెట్రో నడుస్తోంది. అయినా రోజుకు లక్ష వాహనాలు, లక్షన్నరకు పైగా పాదచారులు దీనిమీదే నడుస్తున్నారని చెబుతారు.

ఇన్ని బరువులు మోసే వంతెనకు అసలు దెబ్బ ఎక్కడ తగులుతోందో తెలిస్తే బాధేస్తుంది. 2005లో ఒక సరుకు పడవ పోటు సమయంలో దూరబోయి దాని పొగగొట్టం వంతెన కింద ఇరుక్కుంది. అడుగు భాగం దెబ్బతింది, బాగుచేశారు. అది ఒక్కరోజు ప్రమాదం. రోజూ జరిగేది పక్షుల రెట్టలు, పాన్, గుట్కా ఉమ్ములు. హ్యాంగర్ల పాదాల దగ్గర నీరు దిగకుండా కాపాడే స్టీల్ తొడుగులు ఉన్నాయి. ఉమ్ముల వల్ల అవి 6 మిల్లీమీటర్ల నుంచి 3కు అరిగాయని 2011 ప్రాంతంలో తనిఖీలో తేలింది. అవి తుప్పు పడితే హ్యాంగర్, అడ్డ గర్డర్ కలిసే చోటికి నీరు చేరుతుంది. పోర్టు వాళ్లు ఆ పాదాలకు ఫైబర్‌గ్లాస్ తొడుగులు వేశారు.

ఇది చిన్న విషయం అనుకోకండి. ఒకసారి నేను ఒక చిన్న వంతెన తనిఖీకి వెళ్లాను, ఎక్కడన్నది అనవసరం. రంగు కొత్తగా, అందంగా ఉంది. జాయింటు మూలలో సుత్తి ఆనిస్తే రంగు పొర కింద రేకు బిస్కెట్‌లా విరిగింది. తుప్పు గీకకుండా దానిమీదే రంగు పూసేశారు. రివెట్ తలలు పైకి గుండ్రంగా ఉన్నాయి, లోపల సగం తినేసి ఉన్నాయి. స్టీల్ వంతెన ఎప్పుడూ నీరు నిలిచే మూలనుంచే పాడవుతుంది. ఉమ్మేవాడు ఎంచుకునేదీ ఆ మూలనే.

ఇప్పుడు చూసే పద్ధతి. స్టేషన్ బయటికి రాగానే వంతెన కనపడుతుంది, కానీ అక్కడినుంచి దాని పనితీరు అర్థంకాదు. ముందు ఉత్తరం వైపు వెళ్లే లాంచీ ఎక్కండి. హౌరా ఘాట్ నుంచి అహిరిటోలా, బాగ్‌బజార్ వైపు పోయేది అయితే వంతెన కిందుగా దాటుతుంది. కింద ఉన్నప్పుడు తలెత్తి చూస్తే రోడ్డు హ్యాంగర్లకు వేలాడుతున్న సంగతి, నీళ్లలో మధ్యలో ఏమీ లేని సంగతి ఒకేసారి తెలుస్తాయి. నీటికీ వంతెనకూ మధ్య ఎత్తు 8.8 మీటర్లే. అంటే పెద్ద ఓడల కోసం పైకి ఎత్తిన వంతెన కాదిది. స్తంభం లేకుండా కట్టడానికి అసలు కారణం నది అడుగేనని నేననేది అందుకే.

తర్వాత వంతెన నడిచి దాటండి, ఉదయం ఆరు గంటల లోపే, మల్లిక్ ఘాట్ పూల బజారుకు బంతిపూల గంపలు వెళ్లే వేళకు. తలల మీద గంపలతో వచ్చేవాళ్లకు దారి వదిలి రెయిలింగ్ పక్కగా నిలబడండి. టవర్ దగ్గరనుంచి మొదలుపెట్టి మీ అబ్బాయిని పై కమ్మీ వెంట మధ్యకు చూపు నడిపించమనండి. టవర్ దగ్గర ఎత్తుగా ఉన్న ట్రస్ (ఉక్కు కమ్మీల అల్లిక) తగ్గుతూ తగ్గుతూ వస్తుంది. దాదాపు 468 అడుగులు వచ్చాక కాంటిలీవర్ ఆగి వేలాడే స్పాన్ మొదలయ్యే జాయింటు ఉంటుంది. అది ఎక్కడుందో మీరు చెప్పకుండా, అతన్నే వెతికి పట్టుకోనివ్వండి.